మావ చూపుడువేలు

మావ పోయాడన్న కబురు మా వాట్సాప్ గుంపులోకి వచ్చేసరికి నేను ఒక హెడ్‌ఫోన్ గొప్పతనం గురించి నాలుగో పేరా రాస్తున్నాను. అప్పటికే ఆ సమీక్షలో ‘నిజాయితీ’ అనే మాట రెండుసార్లు వాడాను. ఆ హెడ్‌ఫోన్ నిజాయితీగా పలుకుతుందట. కబురు చదివి ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. కాసేపాగి మళ్ళీ తీస్తే కింద వరసగా దండాల బొమ్మలు, ఆ దండాల కింద సాలూరు లారీల ఓనరు అడిగిన ప్రశ్న: ‘అన్నట్టు మాస్టారూ, కొత్త మోడల్ ఎలా ఉంది?’ చావు కబురు కింద అదేం ప్రశ్న అని ఆయన్ని తిట్టుకోబోయాను. ఆ అర్హత నాకు లేదని వెంటనే గుర్తొచ్చింది. మావ చివరి రెండేళ్ళూ పాట వినకుండా బతికాడు. దానికి కారణం నేను. ఆ సంగతి గుంపులో ఎవరికీ తెలియదు. ఆ సమీక్ష అక్కడే ఆపేశాను. దాని బదులు ఇది రాస్తున్నాను.

ముందు మా గుంపు గురించి చెప్పాలి. విజయనగరంలో పాటల పిచ్చి ఉన్నవాళ్ళకి కొదవ లేదు. మాది ఆ పిచ్చి కాదు, పాట వినిపించే సామాను పిచ్చి. నాకు వరసకి బావ అయ్యే ఒకాయనకి బట్టల కొట్టుంది. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూశాక ఆ మేడ మీద గోడౌనులో చేరతాం. చుట్టూ చీరల మూటలు, లుంగీల బేళ్ళు, దుప్పట్ల దొంతర్లు. శబ్దం ఏ గోడకీ తగిలి వెనక్కి రాదు. ఎంత పోసి కట్టించుకున్నా ఇలాంటి గది దొరకదని మాకు మహా గర్వం. బావ దగ్గర పెద్ద స్పీకర్లున్నాయి. సాలూరు నుంచి వచ్చే లారీల ఓనరు దగ్గర డబ్బుంది. నా దగ్గర జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి చెప్పి అరిగిన నోరుంది. హెడ్‌ఫోన్ల మీద నేను ఇంటర్నెట్‌లో రాసే సమీక్షలు ఎక్కడెక్కడి వాళ్ళో చదివి, ‘సార్, ఏది కొనమంటారు?’ అని అడుగుతుంటారు. ఇన్నాళ్ళూ రాసింది ఆ ‘సార్’ కోసమేనని ఇప్పుడు తెలుస్తోంది.

మావ మాలాంటి వాడు కాదు. నెల్లిమర్లలో మైకుసెట్టు నడిపేవాడు. పెళ్ళిళ్ళకీ, జాతర్లకీ, ఎన్నికలప్పుడు ఆటోల మీదా ఆయన సెట్టే మోగేది. స్పీకరు కాయిలు కాలిపోతే చేత్తో చుట్టి బాగుచేసేవాడు. ఒకసారి బావ స్పీకరు గరగరమంటుంటే బాగుచెయ్యడానికి వచ్చాడు. పనయ్యాక సామాను సంచీలో సర్దుకుంటూ, ‘ఓ పాటేసి సూద్దుమా బాబూ’ అన్నాడు. వేశాం. మరుసటి ఆదివారం పిలవకుండానే వచ్చాడు. ఆ తర్వాత ఎవరూ పిలవాల్సిన పని లేకపోయింది. పేరు పెట్టి పిలిచిన గుర్తు మాలో ఎవరికీ లేదు. అందరికీ మావే. నేను మాత్రం ఆయనకి అల్లుణ్ణి, మిగతావాళ్ళు బాబులు.

కుర్చీ చూపిస్తే కూర్చునేవాడు కాదు. లుంగీల బేలు మీద ఒక కాలు మడిచి, ఒక కాలు వేలాడేసి కూర్చునేవాడు. హెడ్‌ఫోన్ ఇస్తే వెంటనే పెట్టుకునేవాడు కాదు. భుజం మీద తువ్వాలు తీసి, ముందు కుడి చెవి, తర్వాత ఎడమ చెవి, ఆ పైన జుట్టు అంచులూ శుభ్రంగా తుడుచుకునేవాడు. ‘తలకి నూని రాసుకున్నాను, పరాయి వస్తువు కదా’ అనేవాడు. ఒక్కో హెడ్‌ఫోను మీద మా జుట్టు నూనె ఎంత పట్టిందో మాకే తెలుసు. మాలో ఎవరమూ ఎప్పుడూ తుడుచుకున్న పాపాన పోలేదు.

ఇక ఆయన వినడం చూడాలి. కళ్ళు మూసుకుని, కుడిచేతి చూపుడువేలు గాల్లోకి ఎత్తేవాడు. పాట మొదలవగానే ఆ వేలు గదిలో మనుషుల్ని వెతికేది. ‘ఇదిగో తబలా ఆయన ఇక్కడ. ఈ మూల ఫిడేలు. ఆయన ఎనకాల ఇంకో ఫిడేలున్నాది. ఇదిగో అమ్మ.’ పాడే ఆవిడ దగ్గరికి వచ్చేసరికి వేలు తన ముక్కుకి ఎదురుగా వచ్చి ఆగిపోయేది. అప్పుడు కళ్ళు తెరిచి, ‘అందరూ కూకున్నారు’ అనేవాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు. మేం ఒక్కో హెడ్‌ఫోన్ గురించి గంటసేపు వాదించుకునేవాళ్ళం. ఆయన అన్నీ విని, ‘బాగుందా బాగోనేదా తరవాత సూసుకుందుం అల్లుడా. ముందు అందరూ కూకున్నారా నేదా, అది సూడు’ అనేవాడు. నేను ఆ మాటని సమీక్షల్లో నా సొంత మాటలా రెండుమూడు సార్లు వాడుకున్నాను కూడా.

చీపురుపల్లిలో మా కాలేజీ మాస్టారి కూతురి పెళ్ళికి ఆయనదే సెట్టు. నేను భోజనాల వైపు నడుస్తుంటే పెళ్ళిపందిరి మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడ్డ మావ కనిపించాడు. చుట్టూ జనం ఆయన్ని రాసుకుంటూ పోతున్నారు. వేలు పైకెత్తి ఉంది. ముహూర్తానికి ఇంకా పావుగంట ఉందో లేదో, మావ వెళ్ళి మైకు ఆపేశాడు. పెళ్ళికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు.

‘ఏటయింది? మైకెందుకాపేసేవు?’

‘నాలుగు నిమిషాలాగండి బాబూ. పంతులుగారు నడిమిన నేరు.’

‘నడిమిన నేకపోడమేటి? పీట మీదున్నారు గదా!’

‘పీట మీదున్నారండి. పాటలో నేరు.’

పాపం ఆ పెద్దమనిషికి ఏమీ అర్థం కాలేదు. మావ ఎడంవైపు స్పీకరు పెట్టె జాలీ ఊడదీసి, చొక్కా జేబులోంచి పెన్సిలు సెల్లు తీశాడు. ఎప్పుడూ ఆయన జేబులో ఆ సెల్లూ, రెండు చిన్న తీగముక్కలూ ఉండేవి. తీగల్ని స్పీకరుకి ఆనించగానే లోపలి కాగితం గుండ్రటి పొట్ట లోపలికి పీల్చుకుంది. ‘సూడు అల్లుడా, సెల్లు ముట్టిస్తే ముందుకి గెంతాల. లోపలికెల్లిపోనాదంటే తిరగబడినట్టు. ఒక పెట్టె ముందుకి తోస్తన్నాది, ఒక పెట్టె ఎనక్కి లాగుతన్నాది. మజ్జిలో మనిషెలగ నిలబడతాడు?’ అన్నాడు. తీగలు మార్చి కలిపి, ధనం వైపు తీగకి ఎర్రదారం ముడేశాడు. ‘ఎర్రదారం నేకుండా ఏ తీగా ఒగ్గీకు. మనం మరిసిపోతాం, దారం మరిసిపోదు’ అన్నాడు. మళ్ళీ మైకు కలిపితే పంతులుగారి మంత్రం పందిరి నట్టనడుమకి వచ్చి నిలబడింది. ఆ తేడా నాకు బాగానే వినిపించింది. ధనమూ ఋణమూ ఏళ్ళ తరబడి పిల్లలకి బోర్డు మీద గీసి చూపిస్తున్నవాణ్ణి, ఆ రోజు మొదటిసారి చెవితో విన్నాను.

ఆ తర్వాత రెండు మూడేళ్ళకి ఈ సంగతి జరిగింది. పేరున్న విదేశీ కంపెనీ ఒకటి ఖరీదైన హెడ్‌ఫోన్లు కొత్తగా మూడు రకాలు విడుదల చేసింది. విశాఖపట్నంలో వాటిని అమ్మే డీలరు నా సమీక్షలు చదివి, మూడింటినీ వారం రోజులు విని రాయమని పంపించాడు. నా కాలు నేల మీద నిలవలేదు. మొదటి రెండింటికీ కంపెనీ తీగలే ఉంచాను. అన్నిటికంటే పెద్దదానికి మాత్రం ఆ తీగ నా స్థాయికి సరిపోదనిపించింది. వెండి పూత తీగ తెప్పించి, ఆదివారం పొద్దున్న నా చేత్తో నేనే సోల్డరింగ్ చేశాను. ఒక్కో చెవికి రెండేసి తీగలు. నాలుగింటికీ ఒకే నల్లటి గుడ్డ తొడుగు వేశాను. అందంగా ఉంటుందని. పలుకుతోందా లేదా అని మాత్రం చూసుకుని గోడౌనుకి పట్టుకెళ్ళిపోయాను.

మొదటి రెండూ అందరూ విన్నారు. మావ వేలు రెండుసార్లూ ముక్కుకి ఎదురుగా ఆగింది. ‘కూకున్నారు, కూకున్నారు’ అన్నాడు. అప్పుడు పెద్దదాన్ని పెట్టెలోంచి తీశాను. బావ పెట్టుకుని కళ్ళు పెద్దవి చేశాడు.

‘ఒరే, ఏటిరా ఇది! పాట నా తల దాటి బయటికెల్లిపోనాది!’

లారీల ఓనరు విని, ‘మా సాలూరు లారీ స్టాండంత వెడల్పుగున్నాదండి’ అన్నాడు. ఇంకాస్త విని, ‘దెబ్బ కొద్దిగా తక్కువేమోనండి’ అని నసిగాడు.

‘అది తక్కువ కాదండి, శుభ్రత. చవక వాటిల్లో బేసు బరువుగా ఉంటుంది. మంచి వాటిల్లో శుభ్రంగా ఉంటుంది’ అన్నాను.

ఆయన మళ్ళీ పెట్టుకుని, ‘నిజమేనండి, శుభ్రంగున్నాది’ అని ఒప్పేసుకున్నాడు. నేను చెప్తే మా వాళ్ళకి ఏదైనా అలాగే వినిపిస్తుంది. నా మాట వినపడ్డాక నాకూ అలాగే వినిపిస్తుంది.

మావ తువ్వాలుతో చెవులు తుడుచుకుని హెడ్‌ఫోన్ అందుకున్నాడు. పెట్టుకునే ముందు తీగని వేళ్ళతో తడిమి, ‘ఎర్రదారం ఏదల్లుడా?’ అన్నాడు. అందరం నవ్వాం. పాట మొదలైంది. ఆయన ఎన్నోసార్లు విన్న పాత పాటే, ఆవిడ గొంతూ వెనక రెండు ఫిడేళ్ళూ. వేలు పైకి లేచింది. కుడికి వెళ్ళింది. ఎడమకి వెళ్ళింది. ముక్కు ఎదురుకి వచ్చి, ఆగకుండా మళ్ళీ కుడికి పోయింది. పాట అయిపోయేదాకా ఆ వేలు గాల్లో అలా తచ్చాడుతూనే ఉంది. చివరికి చెయ్యి ఒళ్ళోకి దించేసుకున్నాడు.

‘ఎవులూ కూకోనేదల్లుడా’ అన్నాడు. ‘అమ్మ నడిమిన నేదు. రెండు పక్కలకీ సిరిగిపోనాది. ఎడం పక్క తిరగబడున్నాది. ఓపాలి ఇలగియ్యి, సెల్లు పెట్టి సూత్తాను.’

జేబులోంచి సెల్లు తీశాడు. నేను హెడ్‌ఫోన్ ఆయన చేతుల్లోంచి లాగేసుకున్నాను. మెల్లగా తీసుకున్నానని రాసుకోవాలని ఉంది. కానీ లాగేసుకున్నాను.

‘ఏటి మావా, ఇది నీ మైకుసెట్టనుకున్నావా? దీని ఖరీదెంతో తెలుసా? జీవితమంతా బాకాల కింద నిలబడ్డావు, ఆ చెవులు ఇంకా పనిచేస్తన్నాయనుకుంటన్నావా?’ అన్నాను.

బావ నవ్వాడు. లారీల ఓనరు నవ్వాడు. మావ కూడా నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా. సెల్లు జేబులో వేసుకున్నాడు. టీ వచ్చేదాకా కూర్చుని, తాగి, గ్లాసు కిటికీలో పెట్టి, ‘వత్తాను బాబూ’ అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే సమీక్ష పెట్టేశాను. ‘ఈ హెడ్‌ఫోన్లో పాట పరుచుకునే వేదిక గది గోడలు దాటిపోతుంది’ అని మొదటి వాక్యం. పొగడ్తలే పొగడ్తలు.

మర్నాడు పొద్దున్న కాలేజీకి వెళ్ళే ముందు ఒక్కణ్ణే కూర్చుని, గొప్పలు చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేకుండా, అదే పాట పెట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఎందుకో తెలియదు, వేలు ఎత్తాను. అది ఎక్కడా ఆగలేదు. మీటరు తీసి తీగలు చూశాను. ఎడమ చెవి తీగలు రెండూ తారుమారుగా అతికాను. వెడల్పు అని మేం మురిసిపోయిందంతా ఆ తప్పే. లారీల ఓనరుకి తక్కువనిపించిన దెబ్బా ఆ తప్పే. పాపం, ఆయన కూడా నిజమే విన్నాడు, నేను కాదనిపించాను. తీగలు ఊడదీసి సరిగా అతకడానికి పది నిమిషాలు పట్టలేదు. మళ్ళీ పాట పెడితే ఆవిడ వచ్చి నా ముక్కుకి ఎదురుగా కూర్చుంది. అందరూ కూర్చున్నారు.

అప్పుడే మావకి ఫోను చేసి ఉంటే ఈ వ్యాసం ఒక నవ్వులాటతో అయిపోయేది. ఫోను తీశాను కూడా. అంతలో డీలరే చేశాడు. ‘మీ చెవులు బంగారం సార్. కంపెనీవాళ్ళకి మీ సమీక్ష పంపించాను. ఇకనుంచి ఏ మోడల్ వచ్చినా ముందు మీకే’ అన్నాడు. సమీక్ష తీసెయ్యలేదు. ఆదివారం మావ వచ్చినప్పుడు ఏదో సరదాగా అన్నట్టు చెప్పేద్దాంలే అనుకున్నాను. ఆ ఆదివారం మావ రాలేదు. పై ఆదివారమూ రాలేదు. రానందుకు నాకు హాయిగా ఉంది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అదే నిజం.

మూడో వారంలో కాలేజీ నుంచి వస్తూ ఒక చెవి డాక్టరు ఆసుపత్రి ముందు మావని చూశాను. తప్పించుకుందామనుకునేలోగా ఆయనే చూశాడు. చేతిలో గీతలు గీసిన కాగితం ఉంది.

‘అల్లుడా, నువ్వన్నదే నిజం. పైనున్నయి కొన్ని రాలిపోనాయంట’ అని కాగితం నా చేతికిచ్చాడు. చూశాను. సన్నటి పై శ్రుతులు కొద్దిగా తగ్గాయి, ఆ వయసులో ఎవరికైనా తగ్గేవే. ‘సెట్టు అమ్మేద్దుమనుకుంటన్నాను. ఎడం కుడీ తెలవనోడు మైకు కడితే జనానికి తలనొప్పి’ అన్నాడు. ఆ తర్వాత నా మొహంలోకి చూసి అడిగాడు. ‘నువ్వు సదువుకున్నోడివి, నువ్వు సెప్పు. ఈ పైవి పోతే ఎడం కుడీ కూడా తెలవదేటి?’

తెలుస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. మా ఫస్టియర్ పిల్లవాడైనా చెప్పగలడు.

‘కావొచ్చు మావా. వయసన్నాక అన్నీ…’ అన్నాను.

‘అంతే, అంతే’ అని కాగితం మడిచి, ఇంతకుముందు సెల్లు ఉండే జేబులో పెట్టుకున్నాడు. ఏదో ఆటో పాట పెట్టుకుని మా పక్కనుంచి పోయింది. మావ వేలు కొంచెం లేచింది. వెంటనే పిడికిలి బిగించి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. గోడౌనులో నోరు జారాను, పోనీ తొందరపాటు అనుకుందాం. ఇక్కడ మాత్రం బాగా ఆలోచించుకునే అబద్ధం ఆడాను.

నెల తిరక్కుండానే సెట్టు అమ్మేశాడని తెలిసింది. ‘మావని ఓసారి చూసొద్దుం రా’ అని బావ రెండుసార్లు అన్నాడు. ఒకసారి పరీక్షలన్నాను, ఒకసారి పేపర్లు దిద్దాలన్నాను. అలా రెండేళ్ళు గడిపేశాను.

పెదకర్మకి నెల్లిమర్ల వెళ్ళాను. చెప్పేసి రావాలని గట్టిగా అనుకునే వెళ్ళాను, వినవలసిన మనిషి లేకుండా పోయాక నాకు ఆ ధైర్యం వచ్చింది. ఇంటి ముందు టెంటు వేసి పంక్తులు వేస్తున్నారు. మావ భార్యని నేనెప్పుడూ అత్తా అనే పిలిచేవాణ్ణి. నన్ను చూసి దగ్గరికొచ్చింది.

‘ఇన్నాళ్ళకొచ్చేవా బాబూ. సివరికి మీ మావ ఇంట్లో టీవీ కూడా పెట్టనిచ్చేవోడు కాదు. పక్కింట్లో పాటొస్తే ఏలు లేపేవోడు, మళ్ళీ తనే సెయ్యి కిందకి నొక్కేసుకునేవోడు’ అంది.

ఇక ఆగలేకపోయాను. ‘అత్తా, ఆ రోజు మావ చెప్పిందే నిజం. తీగ నేనే తప్పు కలిపాను. మర్నాడే తెలిసింది నాకు. చెప్పలేదు’ అన్నాను.



‘ఎడం పక్కేనా?’ అంది ఆవిడ.

‘ఎడమే.’

‘ఎడమే అన్నాడు. ఆ దినం ఇంటికొచ్చి బువ్వ దగ్గర కూడా అదే. ఎడం పక్క తిరగబడిపోనాదే, సెప్తే నవ్వుతన్నారు అన్నాడు. మరి గట్టిగా అడక్కపోనావా అన్నాను. అల్లుడు ఇంటికెల్లి సూసుకుంటాడే, ఆడు పిల్లలకి పాటం సెప్పేవోడు, తప్పుంటే ఆడే పరిగెట్టుకొచ్చి సెప్తాడు అన్నాడు. అందుకే ఆ ఆదోరం, పై ఆదోరం మీకాడికి రానేదు బాబూ. నువ్వొస్తావని గుమ్మం కాడే కూకున్నాడు. నువ్వు రానేదు. అప్పుడన్నాడు, అల్లుడు రానేదంటే నా సెవే పోనాదే అని. మర్నాడెల్లి డాట్రుకి సూపించుకున్నాడు.’

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నేను తట్టుకోలేకపోయాను. పంక్తిలో ఖాళీగా ఉన్న చోట విస్తరి వేసి, నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, ‘కూకో బాబూ’ అంది.